పొయ్యి యొద్ద ప్రభువు

ధ్యానమునకు వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 9:36–42, యోహాను సువార్త 21:1–14



మన గ్రామ సంఘములలో ఒక మాట నేను తరచుగా వినుచుందును. ఆరాధన ముగిసిన తరువాత స్త్రీలతో మాటలాడుచు, "అమ్మా, మీరు ప్రభువు కొరకు ఏమి చేయుచున్నారు?" అని అడిగినయెడల, వారిలో పెక్కుమంది కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, "మేమేం చేస్తం అయ్యగారూ? వండుకొనుడు, పిల్లలను సూసుకొనుడు తప్ప మాకేం వచ్చు?" అందురు. పక్కన నిలిచిన పురుషులు నవ్వి ఊరకుందురు. నేనును అనేక సంవత్సరములు ఆ మాటను సరిదిద్దలేదు. సరిదిద్దకపోవుటయే గాక, నా ప్రసంగముల చేత దానిని బలపరచితిని. ఆ సంగతి నాకు లాలాపేటలో ఒక విధవరాలి యింట తెలిసినది. దానిని మీ యెదుట ఒప్పుకొనుటకే ఈ నెల ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఊరి కోతపండుగలో నేను మార్త మరియలను గూర్చి ప్రసంగించితిని. దేవాలయము వెనుక మూడు రాళ్ల పొయ్యిలు వెలుగుచుండెను. పదిమంది స్త్రీలు ప్రేమవిందుకు అన్నము, పప్పు వండుచుండిరి. నేను గొంతు హెచ్చించి, పొయ్యిలను విడిచి ప్రభువు పాదముల యొద్దకు రండని పిలిచితిని. మంచి ప్రసంగము చేసితినని పెద్దలు మెచ్చుకొనిరి. ఆ మెప్పు నాకును తీయగానే యుండెను. తరువాత అందరితో కూడ బంతిలో కూర్చుండి, ఆ స్త్రీలు పొగలో నిలిచి వండిన అన్నమును కడుపార తింటిని. నేను వద్దన్న పని యొక్క ఫలమునే తినుచున్నానని ఆ దినమున నాకు తట్టలేదు.

గడచిన వర్షాకాలములో ఒక పనిమీద నేను హైదరాబాదు వెళ్లవలసి వచ్చెను. మా సంఘములో పుట్టి పెరిగిన ఒక కుటుంబము లాలాపేటలో కాపురముండెను. భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని చేసి విశ్రాంతి పొందినవాడు. 1893లో నిజాము కాలపు రైల్వేవారు పెట్టిన ఆ వర్క్‌షాపు చుట్టుప్రక్కల వీధులలో తరతరములుగా రైల్వే కుటుంబములు నివసించుచున్నవి. ఆ సహోదరుడు ప్రభువునందు నిద్రించి అప్పటికి రెండు సంవత్సరములాయెను. కుమారుడు దూరదేశమున ఉద్యోగములో ఉన్నాడు. తల్లి ఒంటరిగా ఉన్నదని విని, చూచి రావలెనని బయలుదేరితిని.

జూబిలీ బస్సు స్టేషనులో దిగి తార్నాక వరకు సిటీ బస్సులో వచ్చి, అక్కడనుండి నడచితిని. దక్షిణపు వైపు ఉస్మానియా విశ్వవిద్యాలయము. 1918లో స్థాపింపబడిన ఆ విద్యాలయములో, 1939లో తెరువబడిన ఆర్ట్సు కళాశాల భవనమును ఎన్నిసార్లు చూచినను తల యెత్తి చూడవలసినదే. ఉత్తరపు వైపు రైలుపట్టాలు దాటిన తరువాత లాలాపేట ఇరుకు వీధులు. గొప్ప భవనములను చూచిన కన్నులతో ఆ చిన్న ఇంటి గడపలో తల వంచుకొని ప్రవేశించితిని.

పెద్దమ్మ నన్ను చూచి లేచి, కుర్చీ తుడిచి వేసెను. మంచినీళ్లు ఇచ్చెను. ఇల్లు శుభ్రముగానే యుండెను గాని వంటగది చూచి నాకు ఏదో లోటుగా తోచెను. తాలింపు వాసన లేదు. గ్యాసు పొయ్యి మీద ఒక చిన్న చాయ గిన్నె తప్ప మరేమియు లేదు. రొట్టెల పెనము గోడకు వ్రేలాడుచుండెను. దాని మీద సన్నని దుమ్ము పట్టియుండెను.

"పెద్దమ్మా, అన్నం తిన్నవా?" అని అడిగితిని.

"పొద్దుగాల చాయ తాగిన అయ్యగారూ, ఒక బన్ను తిన్న. ఒక్కదానికి పొయ్యి ఎందుకు అంటుపెట్టాలె?"

నేను బోధకుడనుగా రెండు ఆదరణ మాటలు చెప్పబోయితిని. ఆమె నా మాటకు అడ్డువచ్చి మెల్లగా ఇట్లనెను: "మీరే కద అయ్యగారూ, ఆనాడు కోతపండుగకు చెప్పింది. పొయ్యి ఇడిసిపెట్టి ప్రభువు పాదాల కాడ కూసోమంటిరి. ఆ దినం నేను పప్పు కలుపుతున్న. పొగల నుంచి మీ మాట ఇన్న. అయితే మా పని దేవుని లెక్కల లేదనుకున్న. గిప్పుడు నాకు పొయ్యి పని లేదు. వండి పెడితె తినెటోడు లేడు. పొద్దంత ఊకెనే కూసుంటున్న. గని పాదాల కాడ కూసున్నట్టు మాత్రం అనిపిస్తలేదు."

ప్రియులారా, ఆ మాట నన్ను పొడిచినది. ఆమె నిందించుటకు అనలేదు. నిందించినయెడల నేను ఏదైనను బదులు చెప్పుకొనియుందును. నేను మరచిపోయిన ప్రసంగమును ఆమె ఇన్ని యేండ్లు మోసినది. ఇంటిలో ఒకరికి వండి పెట్టుటయే ఆమె ప్రేమ. అదే ఆమె ప్రార్థన. ఆ పని దేవుని లెక్కలో లేదని ఆమె చేత తలపించినవాడను నేనే.

ఆ దినమున నేను ఆమెకు ఏ వాక్యమును చెప్పలేదు. చెప్పుటకు నాకు నోరు రాలేదు. వీధిలోనికి పోయి రెండు కట్టల తోటకూర, నాలుగు ఉల్లిగడ్డలు, ఒక నిమ్మకాయ కొని తెచ్చి, "పెద్దమ్మా, నాకు ఆకలి అయితుంది" అంటిని. ఆమె ఒక నిమిషము నా ముఖము చూచెను. తరువాత లేచి పెనము దించి కడిగెను. డబ్బాలో జొన్నపిండి ఉండెను. వేడినీళ్లు పోసి పిసికి, ముద్ద చేసి, పీట మీద అరచేతితో తట్టుచు త్రిప్పుచు పలుచగా చేసెను. పెనము మీద వేసి, తడిబట్టతో పైన నీరు అద్ది, రొట్టెను త్రిప్పెను. రెండేండ్లు మానినను ఆ చేయి ఏదియు మరువలేదు. నేను తోటకూర తుంపుచు కాడలన్నియు పారవేయుచుండగా చూచి, "అయ్యో, గట్ల పారేస్తరా! లేత కాడలల్లనే రుచి ఉంటది" అని నవ్వెను. నేను ఆ యింట కాలు పెట్టిన తరువాత ఆమె నవ్వుట అదే మొదటిసారి.

తిరుగు ప్రయాణములో బస్సు కిటికీ యొద్ద కూర్చుండి నేను బైబిలు తెరచితిని. నా ప్రసంగములో నేను చూడక విడిచినవేమిటో వెదకితిని. మూడు సంగతులు నాకు కనబడినవి. వాటిని మీకు వరుసగా చెప్పెదను.

మొదటిది, ప్రభువు మార్త వంటను గద్దింపలేదు. లూకా సువార్త 10వ అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. ఆయన గద్దించినది ఆమె తొందరను, ఆమె కలవరమును. ఆమె చేయి పనిలో ఉన్నది గాని మనస్సు చెల్లెలి మీద సణుగుచున్నది. వంట మానుమని ఆయన అనలేదు. యోహాను సువార్త 12వ అధ్యాయములో బేతనియలో మరల విందు జరిగినప్పుడు మార్త మరల వడ్డించుచునే యున్నది. ఈసారి సణుగు లేదు. ఆయన ఆమెను ఏమియు అనలేదు. ఒకే యింటిలో మరియ అత్తరు పోసినది, మార్త అన్నము వడ్డించినది. రెండును ప్రభువునకు చెందినవి. ఇంతకుముందు 11వ అధ్యాయములో, తమ్ముని సమాధి దారిలో, ఆయన దేవుని కుమారుడైన క్రీస్తని ఒప్పుకొన్నది ఎవరు? ఈ మార్తయే. పేతురు ఒప్పుకోలుకు ఏమాత్రమును తీసిపోని ఒప్పుకోలు అది. గరిట పట్టిన చేయి విశ్వాసమునకు దూరమని నేనెట్లు అనగలిగితినో!

రెండవది, మన ప్రభువు వంటింటిని ఎరిగినవాడు. ఆయన ఉపమానములను లెక్కించి చూడుడి. మూడు కుంచముల పిండిలో స్త్రీ దాచిన పులిసిన పిండి. పోయిన నాణెము కొరకు దీపము వెలిగించి ఇల్లు ఊడ్చిన స్త్రీ. పాత బట్టకు క్రొత్త గుడ్డ మాసిక వేసిన యెడల చినుగు పెద్దదగునను మాట. తిరుగలి విసరు ఇద్దరు స్త్రీలు. రుచి పోయిన ఉప్పు. ఇవన్నియు పండితుల గ్రంథములలో నేర్చినవి కావు. నజరేతులో ఒక వడ్లవాని యింట, తల్లి ప్రక్క నిలిచి చూచి నేర్చినవి. పాత బట్టకు ఎట్టి మాసిక వేయరాదో మన ప్రభువునకు తెలియునంటే, ఆయన తల్లి మాసికలు వేయగా ఆయన చూచియుండెనని నాకు తోచుచున్నది. పేదవారి యింటి బట్టలవి.

మూడవది, తిరిగి లేచిన ప్రభువు తానే వంట చేసెను. యోహాను సువార్త 21వ అధ్యాయములో మరణమును జయించిన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున నిలిచియున్నాడు. ఆయన చేసినదేమి? నిప్పులు రాజవేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధపరచి, రాత్రియంతయు వలలు లాగి అలసిపోయిన శిష్యులను భోజనమునకు పిలిచెను. పేతురు ప్రభువును ఎరుగనని బొంకినది కూడ చలి కాచుకొను నిప్పుల యొద్దనే. యోహాను 18వ అధ్యాయము చూడుడి. అట్టి పేతురును ప్రభువు మరల నిప్పుల యొద్దకే పిలిచి, ముందు కడుపు నింపి, తరువాతనే ప్రేమను గూర్చి ప్రశ్నించెను. నేనైతే ముందు ప్రసంగము చేసియుందును. ప్రభువు ముందు అన్నము పెట్టెను.

ఇప్పుడు దొర్కా యొద్దకు వత్తము. యొప్పేలో ఆమె చనిపోయెను. పేతురు వచ్చునప్పటికి విధవరాండ్రు ఏడ్చుచు నిలిచి, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రములను చూపించిరి. ఆమె మాటలాడిన మాట ఒకటియు గ్రంథములో వ్రాయబడలేదు. ఆమె నడిపిన కూటములను గూర్చి యేమియు లేదు. వారు చూపినవి కుట్టుబట్టలు. ఆమె విశ్వాసమునకు సాక్ష్యము ఆ కుట్లు. ఆ సాక్ష్యమును చూచి పేతురు మోకాళ్లూనెను. దేవుడు ఆమెను లేపెను. ఒక సూదిని, దారమును దేవుడు ఇంతగా గౌరవించెను. అరణ్యములో ప్రత్యక్షపు గుడారము కట్టునప్పుడు కూడ ఇట్లే జరిగెను. నిర్గమకాండము 35వ అధ్యాయములో బెసలేలు పేరు మనమందరము జ్ఞాపకముంచుకొందుము గాని, అదే అధ్యాయములో తమ చేతులతో నూలు వడికి తెచ్చిన స్త్రీలను, మేకవెండ్రుకలు వడికిన స్త్రీలను మరచిపోదుము. వారి నూలు లేనియెడల గుడారమునకు తెర యెక్కడిది?

మనము మరచిపోవుటయే కాదు, లోకమును మరచిపోవుచున్నది. మన తెలుగు దేశములోనే మరియొక మూల, గోదావరి తీరమున నరసాపురమున్నది. పందొమ్మిదవ శతాబ్దములో అక్కడి మిషనెరీలు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. ఆ చుట్టుప్రక్కల ఊళ్లలో వేలకొలది స్త్రీలు తమ ఇండ్లలో కూర్చుండి, కొక్కెపు సూదితో సన్నని దారమును అల్లి, సముద్రముల కావలి దేశములకు పోవు లేసులను చేసిరి. మరియా మీస్ అను జర్మను దేశపు పండితురాలు అక్కడ నివసించి పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ స్త్రీలు దినమంతయు ఇంటి పనులతో పాటు గంటలకొలది అల్లుచున్నను, వారిని పనివారని ఎవరును పిలువలేదు. తీరిక వేళ ఏదో అల్లుకొను గృహిణులనిరి. అందుచేత కూలియు స్వల్పమే. లాభము వర్తకులకు పోయెను. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది, సంతోషమే. అయినను ఆ గ్రంథము చెప్పిన సంగతి మన ఇండ్లకును తగిలినదే. ఇంటి లోపల జరుగు పనిని "ఊరక ఇంట ఉన్నది" అని మాటతో కొట్టివేయుట మనకు అలవాటు. పొద్దున నాలుగింటికి లేచి రాత్రి అందరి తరువాత పండుకొను స్త్రీని గూర్చి, "మా ఇంటామె ఏ పని చేయదు, ఇంట్లనే ఉంటది" అని చెప్పు క్రైస్తవ పురుషుడు అబద్ధమాడుచున్నాడు. అతడు దానిని అబద్ధమని ఎరుగడు. నేనును ఎరుగకుంటిని.

వంటింటి జ్ఞానము చిన్నదని ఎంచువారికి మరియొక మాట. లాలాపేట పొరుగున, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి ఒక గదిలో ఆరంభించిన పరిశోధన పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందినది. పెద్ద చదువులు చదివిన వారు అక్కడ అన్నమును, జొన్నలను, ఆకుకూరలను గూర్చి పరిశోధించుచు వచ్చిరి. తెల్లగా పాలిషు పట్టిన బియ్యములో తవుడుతో పాటు శరీరమునకు కావలసిన సారము పోవును. గంజి పారబోసినయెడల మిగిలినదియు తగ్గును. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టుటకు నిమ్మకాయ, ఉసిరికాయ వంటివి సాయపడును. మన అవ్వలు దంపుడు బియ్యము వండి, గంజిలో ఉప్పు వేసి పిల్లలకు త్రాగించి, కూరలో పులుపు పిండినప్పుడు వారికి ఈ లెక్కలు తెలియవు. అయినను వారి చేతులలో ఒక జ్ఞానమున్నది. దేవుడు జ్ఞానమును బడులలోనే గాక కుండలలో కూడ ఉంచెను.

ఇట్లు వ్రాయుచుండగా ఒక భయము నాకు కలుగుచున్నది. ఈ మాటలు విని పురుషులు, "చూచితివా, అయ్యగారు నీ స్థలము వంటింటిలోనే అన్నాడు" అని భార్యలతో అందురేమో. నేను అట్లు అనలేదు. పొయ్యి యొద్ద పని పరిశుద్ధమైనయెడల, ఆ పరిశుద్ధమైన పనిని స్త్రీలకే విడిచిపెట్టి మనము మంచము మీద కూర్చుండుట ఎట్లు? సముద్రపు ఒడ్డున నిప్పులు రాజవేసినది మన ప్రభువు. ఆయన శిష్యులమని చెప్పుకొను మనము ఒక కుండెడు నీళ్లు తెచ్చుటకు, ఒక గిన్నె కడుగుటకు సిగ్గుపడుదుమా? ఆ దినము లాలాపేటలో తోటకూర తుంపుట కూడ నాకు సరిగా రాలేదు. నలుబది యేండ్లు దాటిన మనుష్యుని కది సిగ్గే.

ఇంకొక తప్పు కూడ మనలో ఉన్నది. చిన్న సంతోషములను మనము అనుమానముతో చూతుము. వాకిట్లో కూర్చుండి ముచ్చటలాడుచు మోదుగాకుల విస్తర్లు కుట్టు స్త్రీలు, వానాకాలపు సాయంకాలమున మొక్కజొన్న కంకులు కాల్చుకొని తిను పిల్లలు, క్రిస్మసు ముందు పిండి తడిపి ఇరుగు పొరుగు కలిసి సకినాలు చుట్టు రాత్రులు, ఇవన్నియు కాలహరణమని కొందరు బోధకులందురు. ప్రసంగి గ్రంథము అట్లు చెప్పలేదు. మనుష్యుడు అన్నపానములు పుచ్చుకొని తన కష్టములో సుఖము అనుభవించుట దేవుడిచ్చు బహుమానమని ఆ భక్తుడు మరల మరల చెప్పుచున్నాడు. ప్రేమ గల చోట ఆకుకూర భోజనము, పగ గల చోట క్రొవ్విన ఎద్దు మాంసము కంటె మేలని సామెతల గ్రంథము 15వ అధ్యాయము బోధించుచున్నది. దేవుడిచ్చిన బహుమానమును తెరువక మూలకు పెట్టుట భక్తి కాదు. కృతజ్ఞతతో తెరచి, పొరుగువానికి పంచి తినుటయే భక్తి.

లాలాపేట పెద్దమ్మ సంగతి ముగించెదను. ఆమె యింట నేను భోజనము చేసిన ఆ దినమున, బయలుదేరు ముందు ఆమె ఒక ఇనుప పెట్టె తెరచి చూపెను. భర్త వర్క్‌షాపుకు తొడుగుకొనిపోయిన ఖాకీ అంగీలు మడతలు పెట్టి ఉండెను. "పారేద్దమంటె చేతులస్తలేవు, సూద్దమంటె మనసొస్తలేదు" అనెను. ఆనాడు నాకు దొర్కా తలంపునకు రాలేదు. ఊరికి వచ్చిన తరువాత ఫోనులో ఆ వాక్యభాగము ఆమెకు చదివి వినిపించితిని. ఆమె ఏమియు అనలేదు. "మంచిది అయ్యగారూ" అని మాత్రము చెప్పి ఫోను పెట్టివేసెను.

క్రిస్మసు ముందు నేను మరల ఆ యింటికి పోతిని. నేల మీద పాత చీరలు పొరలుగా పరచియుండెను. పైపొరలో ఖాకీ ముక్కలు, మధ్య మధ్య చీరల అంచుల ముక్కలు కలిపి ఒక బొంత కుట్టుచుండెను. ఒక కొసను పెద్దమ్మ, మరియొక కొసను ఒక యౌవనస్థురాలు. ఆ పిల్ల విశ్వవిద్యాలయములో చదువుకొనుటకు దూరపు పల్లె నుండి వచ్చి, పై గదిలో అద్దెకున్నది. కన్నవారు కూలి చేసుకొని బ్రదుకువారు. చలికాలము వచ్చినది, కప్పుకొనుటకు సరియైనది లేదు. పెద్దమ్మ ఆ సంగతి కనిపెట్టెను. ఇద్దరును సాయంకాలములు కూర్చుండి కుట్టుచున్నారు. కుట్టుట అయిన తరువాత రొట్టెలు చేసుకొని తినుచున్నారు.

"ఈ జేబు ఇప్పలేదు అయ్యగారూ, గట్లనే ఉంచిన" అని ఆమె నాకు ఒక ఖాకీ ముక్కను చూపెను. అది అంగీ మీది జేబు. "పిల్ల పెన్ను పెట్టుకుంటదట."

ఆమె దుఃఖము తీరిపోయినదని నేను చెప్పను. రాత్రులు ఇంకను ఏడ్చుచున్నదని ఆ పిల్ల నాతో చెప్పినది. భర్తను పోగొట్టుకొన్న స్త్రీ దుఃఖము ఒక బొంతతో తీరునది కాదు. తీరినదని ప్రసంగములో చెప్పుట మరియొక తప్పగును. కాని నేను చూచినది చెప్పెదను. పెనము మీద దుమ్ము లేదు. పొయ్యి మీద తోటకూర పప్పు ఉడుకుచుండెను. నేను అడుగకయే నా ముందు పళ్లెము పెట్టెను. ప్రార్థన చేయమని నన్ను కోరెను. నేను, "పెద్దమ్మా, ఈ దినం నువ్వే చెయ్యి" అంటిని. ఆమె కన్నులు మూసుకొని, తినుటకు తిండిని, తినుటకు మనుష్యులను ఇచ్చినందుకు దేవునికి స్తోత్రము చెప్పెను. రెండు మాటలే. నా ప్రసంగములన్నిటి కంటె ఆ ప్రార్థన చిన్నది, ఆ దినమున అదే చాలినది.

ప్రియ సంఘమా, ఈ నెలలో మనము మూడు చిన్న పనులు చేయుదము.

ఒకటి, ఇంటిలో వంట వండిన వారికి, అది తల్లి గాని భార్య గాని కోడలు గాని, భోజనమైన తరువాత ఒక కృతజ్ఞత మాట చెప్పుదము. దేవునికి స్తోత్రము చెప్పి, ఆయన ఏ చేతుల ద్వారా పెట్టెనో ఆ చేతులను మరచుట సగము ప్రార్థనయే. పురుషులు వారములో ఒక దినమైనను ఆ పనిలో పాలు పొందుడి.

రెండు, మీ ఊరిలో ఒంటరిగా తినువారు ఎవరో చూడుడి. భర్త పోయిన స్త్రీ, పిల్లలు పట్టణమునకు పోయిన ముసలివారు, చల్లని పొయ్యి గల ఇల్లు ఏదో వెదకుడి. వారికి అన్నము పంపుట మేలే. వారి యింటికి పోయి, "ఆకలి అయితుంది, ఇంత పెట్టు" అని అడుగుట మరింత మేలు. ఏలీయా సారెపతులోని విధవరాలిని అట్లే అడిగెను. ఆమె పిండి తొట్టి తరిగిపోలేదు. అడుగుట వలన ఆ యింటికి ఘనత కలిగెను. అయితే ఉత్త చేతులతో పోకుడి. రెండు కట్టల ఆకుకూర తీసికొనిపొండి.

మూడు, చేతికి వచ్చిన పని ఏదైనను ఒకరికి నేర్పుడి. బొంత కుట్టుట, విస్తరాకు కుట్టుట, అల్లిక, సర్వపిండి చేయుట, ఏదైనను. తిమోతికి విశ్వాసము అవ్వ లోయి నుండి, తల్లి యునీకే నుండి వచ్చినదని పౌలు వ్రాసెను. ఆ విశ్వాసము గాలిలో నుండి రాలేదు. పక్కన కూర్చుండి చేసిన పనుల మధ్య, ఒకే పళ్లెములో తిన్న అన్నము మధ్య వచ్చియుండును. మన పిల్లలకును అట్లే రావలెను.

రాబోవు కోతపండుగకు మా ఊరిలో ప్రేమవిందు వండు స్త్రీలను దేవాలయము వెనుక విడిచిపెట్టము. పెద్దలతో మాటలాడి నిర్ణయించితిమి: వాక్యము చెప్పు వేళకు ముందే వంట ముగియునట్లు పురుషులు తెల్లవారకముందే వచ్చి కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, ఉల్లిగడ్డలు కోయుదురు. అప్పుడు మార్తయు మరియయు ఒకే చాప మీద కూర్చుందురు. నేను కూడ ఉల్లిగడ్డలు కోయుదును. కాడలు పారవేయకుండ తోటకూర తుంపుట కూడ నేర్చుకొనుచున్నాను.

ప్రార్థన: ప్రభువా, సముద్రపు ఒడ్డున మా ఆకలి నెరిగి నిప్పులు రాజవేసినవాడవు నీవే. మా ఇండ్లలో వండు చేతులను, కుట్టు చేతులను, ఊడ్చు చేతులను దీవించుము. వాటిని చిన్నచూపు చూచిన మా కన్నులను క్షమించుము. ఒంటరి ఇండ్లలో చల్లారిన పొయ్యిలను మరల వెలిగించుము. వెలిగించుటకు మమ్మును పంపుము. నీవిచ్చు చిన్న సంతోషములను కృతజ్ఞతతో అందుకొని పంచుకొనుటకు మాకు నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.